బండచెవి

మందు షాపు వెనక గోడ నీడలో మహానంది వెల్లకిలా పడి గురక పెడుతున్నాడు. తల కింద టిఫిన్ క్యారియరు. అది చూడగానే హులిగెమ్మ గుర్తుపట్టింది, అది పొద్దున తన చేతులతో తానే సర్ది ఇచ్చిన క్యారియరు. సంగటి, శెనక్కాయల చట్నీ, రెండు ఉల్లిగడ్డలు. పెద్దబండకు అవతలి చేనులో గొర్రెల మంద దగ్గరున్న కొడుక్కి అది ఈపాటికి చేరి ఉండాలి. క్యారియరుతో పాటు, వాడితో కలిసి మంద కాసే ఈ వెధవ కూడా చేరి ఉండాలి.

"రేయ్ మహానందీ! లెయ్ రా తాగుబోతు నాయాలా! నా కొడుకును యాడ ఇడ్సిపెట్టి వచ్చినావురా?"

మహానంది ఒక కన్ను తెరిచాడు. "ట్రాక్టరు ఎల్లిపాయ పెద్దమ్మా. రేపు పొద్దున్నే పోతాలే. వానికేం గాదు, గొర్రెలుండాయి కదా."

"గొర్రెలు రాత్రంతా నిలబడుకోనుంటాయా? పొద్దు మునిగితే పండుకోవా? నీ నోట్లో మన్ను పడ!"

"సాయంత్రానికి వస్తానని జెప్పినా వానికి. ఎదురుచూస్తాంటాడు పాపం," అని మహానంది రెండో కన్ను కూడా తెరవకుండానే మళ్ళీ గురక అందుకున్నాడు. హులిగెమ్మ వాడి డొక్కలో ఒక్క తన్ను తన్నింది. చెప్పు ఊడి పడింది గానీ వాడు కదలలేదు.

ఫోను చేస్తే కలవదు. పెద్దబండ మీద సిగ్నల్ ఉండదు. కొడుకు వీరభద్ర అక్కడ ఒక్కడే. మంద కదులుతూ మేస్తున్నంత సేపూ వాడికి భయం లేదు, ఆ కాళ్ళ చప్పుళ్ళలో వాడి చప్పుడు కలిసిపోతుంది. పొద్దు వాలి గొర్రెలు పడుకున్నాయంటే మాత్రం ఆ బండ మీద అడుగుల చప్పుడు వాడొక్కడిదే. పైగా వాడు ఊరికే కూర్చునే రకమా? మహానంది రాలేదేమని దారికి ఎదురు వస్తాడు. వచ్చాడంటే వాణ్ణి బండచెవి తింటుంది.

బండచెవి అంటే ఈ ప్రాంతంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. దూడంత జంతువు. ఒళ్ళంతా కడప బండ రంగే, అదే నీలిబూడిద. పడుకుంటే పక్కన నిలబడి చూసినా బండే అనుకుంటాం. ముందరి కాళ్ళు ఎత్తు, వెనక కాళ్ళు పొట్టి, తోక లేదు. కళ్ళున్నాయా అంటే ఉన్నాయి, చింతగింజలంత. చెవులు మాత్రం బయటికి లేవు, దవడే దాని చెవి. పలకలాంటి ఆ దవడను నేలకు ఆనించి పడుకుందంటే ఎంతో దూరంలో నడిచేవాళ్ళ అడుగులు కూడా దానికి తెలుస్తాయి. రాతి గుహల్లో ఒక్క పిల్లను ఈని, పాలిచ్చి పెంచుతుంది, ఆ పిల్లకు మొదట నేర్పేది దవడ ఆనించడమే. అరవదు, గుర్రుమనదు. గుంపు జోలికి రాదు, ఇద్దరి జోలికి రాదు. ఒంటరి అడుగు వినబడిందా, ఇక వదలదు. కడుపు నిండి ఉన్నా సరే, చంపేదాకా దానికి మనశ్శాంతి ఉండదు. అటువంటి పాపిష్టి పుట్టుక దానిది.

అటవీశాఖ వాళ్ళు ఊరి బయట బోర్డు పాతారు, ఒంటరిగా వెళ్ళరాదని. ఆ బోర్డు పాతడానికి వచ్చినవాళ్ళు కూడా ఊళ్ళోవాళ్ళను జత అడిగే వచ్చారు.

జత అంటే ఈ సుద్దపల్లెలో అంత పెద్ద మాట. ఎవరి గుమ్మం ముందుకైనా పోయి "జత రాండి" అంటే పొయ్యి మీద కూర దించి రావాలి, కొట్లాట మధ్యలో ఉంటే ఆపి రావాలి. కాదనడానికి లేదు. ఇక్కడ దొంగతనం చేసినవాణ్ణి క్షమిస్తారు. పక్కవాడి పెళ్ళాన్ని లేపుకుపోయినవాణ్ణి కూడా కొన్నేళ్ళకు పిలిచి అన్నం పెడతారు. దారి మధ్యలో జతను విడిచిపెట్టి వచ్చినవాణ్ణి మాత్రం క్షమించరు. వాడికి ఇక ఎవరూ జత పోరు. అంటే ఏమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. చంపడమే. చేతికి రక్తం అంటదు, అంతే తేడా.

హులిగెమ్మ వీధులన్నీ తిరిగింది. ఊరూరా తిరిగే అహోబిలం స్వామి పారువేట పల్లకీ పక్కూరికి వచ్చిందని ఆటోలు, ట్రాక్టర్లు, స్కూటర్లు అన్నీ అటే పోయాయి. ఊళ్ళో మిగిలింది మంచం దిగలేని ముసలివాళ్ళు, వాళ్ళకు కాపలాగా పడుకున్న కుక్కలు. అయ్యన్న తాతను అడిగితే ఆయన నిజంగానే చేతికర్ర అందుకుని లేవబోయాడు, మోకాళ్ళు లేవనివ్వలేదు, సిగ్గుతో ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఇంకెవరున్నారు? ఒక్క ఇల్లు మిగిలింది. ఆ ఇంటి వైపు నడవడానికి హులిగెమ్మ కాళ్ళు ఒప్పుకోలేదు. కొడుకు ముఖం గుర్తుచేసుకుని నడిచింది.

అది బీబమ్మ ఇల్లు. ఇంటి ముందే పిండి మర. వీళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది, దానికి కారణం ఇదీ.

మూడేళ్ళ కిందట హులిగెమ్మ మొగుడు కంబన్న, బీబమ్మ మొగుడు మీరా హుస్సేన్ కలిసి పెద్దబండ దాటడానికి బయలుదేరారు. ఇద్దరూ గోలీలాడుకున్న నాటి స్నేహితులు. ఒకే బీడీ పంచుకునేవారు. మీరా హుస్సేన్‌ను హులిగెమ్మ "అన్నా" అనేది, బీబమ్మను "ఒదినా" అనేది. ఆ సాయంత్రం మీరా హుస్సేన్ ఒక్కడే తిరిగి వచ్చాడు, చొక్కా నిండా రక్తంతో. "పక్కపక్కనే నడస్తాంటిమి. నేను వాన్ని ఇడ్సలేదు. అల్లా తోడు," అన్నాడు. ఎవరు నమ్ముతారు? ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే బండచెవి ఎందుకొస్తుంది? మొదట నోరు తెరిచింది హులిగెమ్మే. ఊరి నడిబొడ్డున దోసిలి నిండా మట్టి తీసి అతని ముఖాన కొట్టి, "జత ఇడ్సినోడా!" అని అరిచింది. ఆ మాటతో అయిపోయింది. మీరా హుస్సేన్ పని పెద్దబండకు అవతల, నాపరాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీలో. రోజూ గుమ్మం గుమ్మం తిరిగి జత అడిగాడు. తలుపులు మూసుకున్నారు. పని మానుకుని ఎన్నాళ్ళు కూర్చుంటాడు? ఒక రోజు ఒంటరిగా బయలుదేరాడు. అంతే.

అప్పటి నుంచి ఊరంతా బీబమ్మ మరకు వస్తుంది గానీ ఆమెతో మాట్లాడదు. హులిగెమ్మ అయితే జొన్నలు పట్టించడానికి పక్కూరి దాకా మోసుకుపోతుంది.

ఇప్పుడు ఆ మర ఆగి ఉంది. బీబమ్మ గడప మీద కూర్చుని చిల్లు పడిన జల్లెడను తీగతో కుట్టుకుంటోంది.

"బీబమ్మా, జత రా," అంది హులిగెమ్మ.

బీబమ్మ తలెత్తలేదు. "ఎవరింటి ముందర నిలబడుకోనుండావో తెలిసే అడగతాండావా?"

"తెలిసే."

"ఇది జత ఇడ్సినోడి ఇల్లంట కదా. నువ్వే జెప్తివి. ఊరంతా ఇనేటట్టు జెప్తివి."

"ఔ, జెప్పినా. అబద్ధమేం జెప్పలేదు. అయినా అడగతాండా. నా కొడుకు మంద కాడ ఒక్కడే ఉండాడు. మహానందిగాడు తాగి పడిపోయినాడు. పొద్దు మునిగేలోపల పోవల్ల."

"పోకపోతే నాకేం?"

"నీకేం లేదు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

"ముట్టుకున్యావంటే చేతులు ఇరగ్గొడ్తా." బీబమ్మ తీగను పళ్ళతో పట్టి వంచింది. "నా మొగుడు నీ ఇంటి ముందర గూడా నిలబడుకున్యాడు. గుర్తుండాదా? జత రా హులిగెమ్మా, పిల్లోన్నన్నా పంపీ, అన్యాడు. తలుపేసుకుంటివి."

హులిగెమ్మకు గుర్తుంది. ఆ తలుపు గడియ చప్పుడు కూడా గుర్తుంది. ఆమె దృష్టిలో ఆ రోజు చేసింది న్యాయమే. న్యాయం చేసినదాన్ని ఈ రోజు బిచ్చమెత్తాల్సి వచ్చిందే అని లోపల కుతకుతలాడింది.

బీబమ్మ జల్లెడ పక్కన పడేసి లేచింది. తలుపుకు తాళం వేసింది. "నీ కోసం గాదు. ఆ పిల్లోడు చిన్నప్పుడు నా పొయ్యి కాడ కూకోని రొట్టె తిన్యాడు. పా. దారిలో నా జోలికి రావద్దు."

జోలికి రావద్దన్నది ఆమే, ఊరి పొలిమేర దాటకముందే మొదలుపెట్టిందీ ఆమే.

"బిన్నె నడువు. గొర్రె మాంసం తిని తిని కదలలేకున్నావు."

"మాంసం తినేదానికి ఉండల్ల కదా. నీ మాదిరి మర ముందర కూకోని ఊరి పిండంతా జల్లెడలో ఎగరేసుకుంటే నేను గూడా బలుస్తా."

"ఏమంటివి? పిండి దొంగనా నేను?"

"అనలే. నువ్వే అంటాండావు."

"నీ నోరుండాదే, ఆ నోటికి బండచెవి గూడా భయపడతాది."

ఇలా తిట్టుకుంటూనే పెద్దబండ ఎక్కారు. పెద్దబండ అంటే మీరు కొండ అనుకోకండి. పలక పరిచినట్టు నాపరాయి, మైళ్ళ పొడవున. మట్టి లేదు, చెట్టు లేదు, పగుళ్ళలో అక్కడక్కడా ముళ్ళకంప. పొద్దు పడమటికి తిరిగినా బండ కింద నుంచి సెగ వదులుతూనే ఉంది. బీబమ్మ ముందు పరుగులాంటి నడక నడిచేది, అలసి ఆగేది. హులిగెమ్మ గొర్రెల వెనక నడిచే మనిషి, సాగదీసి ఒకే తీరున నడిచేది. ఒకరు దాటిపోతే ఒకరు వెనకబడేవారు. దాటినప్పుడల్లా ఒక మాట విసిరేవారు. హులిగెమ్మ ధ్యాసంతా పొద్దు మీద ఉంది. ఇంకా రెండు బారలుంది, చేరిపోతాం, చేరిపోతాం అని లోపల అనుకుంటూనే పైకి తిడుతోంది. తిట్టకపోతే ఏడుస్తానేమోనని ఆమెకు భయం.

సగం దూరంలో కంబన్న రాళ్ళకుప్ప వచ్చింది. బండచెవి చంపిన చోట దారిన పోయేవాళ్ళు తలా ఒక రాయి వేస్తారు. హులిగెమ్మ రాయి వేసి, కళ్ళు తుడుచుకోకుండా కదిలింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే బీబమ్మ ఇంకా అక్కడే ఉంది. వంగి, అరచేయంత పలకరాయి ఒకటి ఏరి, కుప్ప మీద జారిపోకుండా నెమ్మదిగా అమర్చి పెడుతోంది.

"నీకెందుకు అది?" అంది హులిగెమ్మ. అనాలనుకున్నంత కరుకుగా రాలేదు ఆ మాట.

"కంబన్న నాకు అన్న అయితాడు. నువ్వేమన్నా కావచ్చు, కాకపోవచ్చు. ఆయప్ప నాకు అన్ననే." బీబమ్మ చేతులు దులుపుకుని వచ్చింది. "మా ఆయనకు మాత్రం ఏ రాయీ లేదు. యాడ పడిపోయినాడో గూడా ఎవరూ చూపీలేదు."

ఇద్దరూ నడక సాగించారు. తర్వాత బీబమ్మే మళ్ళీ అంది, తిట్టినట్టు కాదు, తనలో తాను చెప్పుకున్నట్టు. "అన్న పోయినాక ఆయన అన్నం సరిగ్గా తినలేదు. రేత్రి గడప మీద కూకునేవాడు. ఒకటే మాట. ఇద్దరం ఉంటిమి కదా బీబీ, ఎందుకొచ్చె? ఇద్దరం ఉంటిమి కదా. పిచ్చోడి మాదిరి అదే మాట."

హులిగెమ్మ నమ్మలేదు. కానీ గడప మీద కూర్చున్న ఆ మనిషి ఆమె కళ్ళ ముందు కదిలాడు. తన మొగుడు పోయాక తానూ అట్లే గడప మీద కూర్చుంది. ఒకే వీధిలో, ఒకే రాత్రుళ్ళు, అటు గడప మీద ఒకరు, ఇటు గడప మీద ఒకరు.

"నీళ్ళు తాగుతావా, ఒదినా?" అంది. ఒదినా అనే మాట నోటి నుంచి జారిపోయాక గానీ తెలియలేదు.

బీబమ్మ ఆగి చూసింది. సీసా అందుకుని రెండు గుక్కలు తాగింది. మూత బిగించి ఇచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ దాటిపోలేదు. భుజం పక్కన భుజం. మూడేళ్ళ పగ ఒక్క గుక్క నీళ్ళతో పోతుందా అంటే పోదు, అయినా ఆ కాసేపు హులిగెమ్మకు గుండె మీది బరువు కొంచెం దిగినట్టనిపించింది. చెప్పుల చప్పుడు టప్, టప్ అని ఒక్క తీరున పడుతోంది. వినడానికి బాగుంది కూడా.

ఎదురుగా ఉన్న పలకల్లో ఒక పలక ఊపిరి తీసింది.

హులిగెమ్మ బీబమ్మ చేయి పట్టి ఆపేసింది. పలక మెల్లగా లేచింది. ముందు భుజాలు లేచాయి, తర్వాత వెనక భాగం. చింతగింజల్లాంటి కళ్ళు వాళ్ళను చూడను కూడా లేదు. రెండడుగులు వేసి, మళ్ళీ దవడను బండకు ఆనించింది. వింటోంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అది ఇంకో రెండడుగులు పాక్కుంటూ వచ్చింది, మళ్ళీ ఆనించింది. నోటి పక్కన ఎండిన నెత్తురు కనబడేంత దగ్గరికి వచ్చింది. దాని ఒంటి నుంచి తడి సున్నం వాసన కొడుతోంది.

ఇద్దరం ఉన్నాం కదా, ఎందుకొస్తోంది?

ఆ ప్రశ్న మనసులో అనుకోగానే హులిగెమ్మకు అదెవరి మాటో తట్టింది. మీరా హుస్సేన్ మాట అది. ఇద్దరం ఉంటిమి కదా, ఎందుకొచ్చె. ఇప్పటిదాకా విన్న చప్పుడు చెవుల్లో మళ్ళీ మోగింది. టప్, టప్. నాలుగు కాళ్ళు నడిచాయి. చప్పుడు మాత్రం ఒక్క మనిషిదే. అడుగులో అడుగు పడిపోయింది. ఈ పాపిష్టిదానికి కళ్ళతో పని లేదు కదా, దానికి వినబడింది ఒంటరి మనిషి!

"కాళ్ళాడించే!" అని గావుకేక పెట్టింది హులిగెమ్మ. "తొక్కు! ఇష్టమొచ్చినట్టు తొక్కు! నాతో సమంగా తొక్కొద్దే, నీ యమ్మ!"

రెండు కాళ్ళూ ఎత్తి ఎత్తి బండ మీద దబదబ వేసింది. బీబమ్మ ఒక్క క్షణం కొయ్యబారి, తర్వాత తానూ మొదలుపెట్టింది, పూనకం వచ్చినదానిలా. బండచెవి దవడ ఎత్తింది. మళ్ళీ ఆనించింది. ఒకటి అనుకున్నది రెండయింది, రెండు కాస్తా నాలుగైనట్టుంది. అసహ్యం పుట్టినట్టు తల విదిలించి, వెనక్కి జరిగి జరిగి, ఒక పగులులోకి దిగిపోయింది. పోతూ పోతూ కూడా ఒక్క చప్పుడు చేయలేదు.

బీబమ్మ కూలబడి వగర్చింది. "ఎందుకొచ్చె అది? ఇద్దరం ఉండాం కదే! ఎందుకొచ్చె?"

హులిగెమ్మ అది దిగిపోయిన పగులు వైపు చూసింది.

కంబన్న, మీరా హుస్సేన్. చిన్ననాటి నుంచీ కలిసి నడిచిన కాళ్ళు. వాళ్ళ అడుగులు కలవక ఎవరివి కలుస్తాయి? అతను విడిచిపెట్టలేదు. పక్కనే ఉన్నాడు. చెప్పాడు కూడా. ఆ చెప్పిన నోట్లో తాను మట్టి కొట్టింది. ప్రతి ఊళ్ళో, ప్రతి తరంలో ఒకడో ఇద్దరో జత విడిచినవాళ్ళు ఉంటారు. ఎప్పుడు చూసినా అన్నదమ్ములు, ప్రాణస్నేహితులు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు. అంత ప్రేమగా ఉండి ఎట్లా విడిచిపెట్టారో అని జనం ముక్కున వేలేసుకునేవారు. ఎంతమందిని అట్లా చంపుకున్నామో, భగవంతుడా.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ పొద్దు బారెడు కూడా లేదు. చెబితే బీబమ్మ ఇక్కడే కూర్చుండిపోతే? నీ కొడుకును కూడా తిననీ అంటే? అనడానికి ఆమెకు హక్కుంది. తాను ఆ స్థానంలో ఉంటే తప్పకుండా అంటుంది, కూర్చుని చూస్తుంది కూడా. హులిగెమ్మకు తన సంగతి బాగా తెలుసు.

"ఏమో," అంది. "ఆకలి మీద ఉండాదేమో."

"కాళ్ళాడించమని ఎందుకంటివి?"

"నోటికొచ్చె, అంటి. లెయ్, పొద్దు పోతాండాది."

బీబమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి, చీర దులుపుకుని, ముందు నడిచింది. ఒక పొడుగు అడుగు, రెండు పొట్టి అడుగులు, ఒకసారి ఈడ్పు. హులిగెమ్మ కాలికి దెబ్బ తగిలిందేమో అనుకుంది. అడగలేదు. మిగిలిన దారంతా ఒక్క తిట్టు కూడా లేదు.

చేను కనబడేసరికి ఎర్రటి పొద్దు నేలను తాకింది. గొర్రెలు సగం పడుకున్నాయి. వీరభద్ర మంద దగ్గర లేడు. బండ మీద, దారికి ఎదురుగా, ఫోను తలపైకి ఎత్తి సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరుగుతున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వాడికి వెనక, కొంచెం దూరంలో ఒక పలక చోటు మారింది.

హులిగెమ్మ అరిచింది. వాడికి వినబడలేదు. ఇద్దరు ఆడవాళ్ళూ చెప్పులు విడిచేసి, చీరలు ఎగదోపి, కాళ్ళు ఎట్లా పడితే అట్లా వేస్తూ పరుగెత్తారు. ఒకరికొకరు తగులుతూ, తూలుతూ, బండ దద్దరిల్లేలా పరుగెత్తారు. వీరభద్ర తిరిగి చూసి బిత్తరపోయాడు. వెనక పలక ఆగింది. దవడ ఎత్తి, కాసేపు ఆలోచించినట్టు నిలబడి, పక్కకు తిరిగి పోయింది. హులిగెమ్మ కొడుకు చొక్కా రెండు పిడికిళ్ళతో పట్టుకుని నేలమీద కూలబడింది.

"ఏమాయమ్మా? మహానంది యాడ?" అన్నాడు వాడు. అప్పుడు పక్కనున్న మనిషిని చూశాడు. ముఖం మాడిపోయింది. "ఈమెతో వచ్చినావా? జత ఇడ్సినోడి పెళ్ళాంతోనా?"

బీబమ్మ రొప్పుతూ నిలబడింది. వాడివైపు చూడలేదు. "ఇప్పుడు జెప్పు హులిగెమ్మా. నీ కొడుకు దక్కినాడు కదా. ఇప్పుడన్నా జెప్పు."

"ఏం జెప్పల్ల?"

"నాకు ఆడనే అర్థమాయె. సమంగా తొక్కొద్దు అంటివి చూడు, అప్పుడే. నువ్వు నోరు తెరుస్తావేమో అని ఇంత దూరం చూస్తి. తెరవలేదు."

హులిగెమ్మ కొడుకు చొక్కా వదిలేసింది. "తెలిసీ వచ్చినావా?"

"కూకుందామనే అనుకుంటి. నీ కొడుకు అరుపు ఆడికి వినబడేదాకా కూకుందామనుకుంటి." బీబమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "కూకునుంటే అప్పుడు నిజంగానే జత ఇడ్సినోళ్ళ ఇల్లు అయ్యేది నాది. ఆయన పేరు మీద ఆ మచ్చ నిజంగా పడేది. నువ్వు అబద్ధంగా ఏసింది చాలదా?"

హులిగెమ్మ చెప్పింది. కొడుకు ముఖం చూడలేక బండ వైపు చూస్తూ చెప్పింది. మీరన్న మీ నాయనను విడిచిపెట్టలేదు, వాళ్ళ అడుగులు కలిసిపోయినాయి, నేను మట్టి కొట్టింది ఏ పాపమూ తెలియని మనిషిని, అని. చెప్పడం పూర్తయ్యేసరికి గొర్రెలన్నీ పడుకున్నాయి. వీరభద్ర ఇయర్‌ఫోన్లు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, నిలబడే ఉన్నాడు.

"ఆయప్ప జత అడగను వచ్చినప్పుడు మిద్దె మీద నుంచి నేను రాళ్ళేసినా కదమ్మా," అన్నాడు చివరికి.

వాడు బీబమ్మ దగ్గరికి వెళ్ళి వంగబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. "నా కాళ్ళు ఎవరూ ముట్టుకోవద్దు," అని మంద మధ్యకు వెళ్ళి, గొర్రెల నడుమ ఒక కంబళి పరుచుకుని, అటు తిరిగి పడుకుంది.

తెల్లారి మంద లేచి మేతకు కదిలాక ఇద్దరు ఆడవాళ్ళూ ఊరిదారి పట్టారు. మందతో పాటు నడిచినంత సేపూ వీరభద్రకు భయం లేదు, మధ్యాహ్నానికి ట్రాక్టరులో ఎవరినైనా పంపితే చాలు. బండ ఎక్కే ముందు బీబమ్మ ఆగింది.

"పల్లకీ మన ఊరికి వస్తాది కదా. ఊరు ఊరంతా ఉంటాది. అప్పుడు నిలబడి జెప్పల్ల. మట్టి కొట్టినప్పుడు ఎంత గట్టిగా అరిచినావో అంత గట్టిగా జెప్పల్ల."

"జెప్తా," అంది హులిగెమ్మ. "జెప్తే నాకు ఎవరూ జత రారు ఒదినా. నిలువునా ఒక మనిషిని చంపినదాన్ని."

"ఒదినా అనొద్దు." బీబమ్మ ముఖంలో రాత్రంతా నిద్రపోని ఎరుపు. "ఎవరూ రాకుంటే నేను వస్తా. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తా. భయపడొద్దులే. నేను బతికున్నంత కాలం నీ అడుగూ నా అడుగూ కలవవు. ఈ ఊళ్ళో నీకు నాకంటే గట్టి జత దొరకదు."

ఆమె ముందు నడిచింది. హులిగెమ్మ ఆమె వెనక, ఆమె అడుగులు వింటూ, వాటితో కలవకుండా తన అడుగులు వేసుకుంటూ నడిచింది.